చెంగమ్మక్క పొర్లుదండాలు

పోయినవాటిని ముందు లెక్క వేసుకున్నాను. లెక్క లేకుండా డాక్టరు ముందు కూర్చోవడం నాకు ఇష్టం ఉండదు. గొంతుకూర్చుని గిన్నెలు తోముకోవడం పోయింది. నీళ్ళ బిందె చంకకెత్తుకోవడం పోయింది. బస్సులో నిలబడి ప్రయాణం చేయడం పోయింది. తుమ్ము వస్తే భయం లేకుండా తుమ్మడం పోయింది. మనవరాలు చేతులు చాపితే ఎత్తుకోవడం పోయింది. ఇవన్నీ ఒక ఎత్తు, నోరారా నవ్వడం పోవడం ఒక ఎత్తు. నవ్వితే కింద ఏదో జారి బయటికి వస్తుందని పెదవులు బిగబట్టుకుని నవ్వడం అలవాటైంది. అలా నవ్వితే ఎదుటివాళ్ళు మనకు కోపం వచ్చిందనుకుంటారు. మొత్తం ఆరు.

మదనపల్లె ఆసుపత్రిలో ఈ ఆరూ వరుసగా చెప్పాను. డాక్టరమ్మ నా కూతురికంటే చిన్నది. శ్రద్ధగా విని, లోపల చూసి, గర్భసంచి కిందికి జారిందని చెప్పి, బల్ల సొరుగులోంచి ఒక రబ్బరు రింగు తీసి నా అరచేతిలో పెట్టింది. "భయపడకండమ్మా, ముందు మీరే పట్టుకుని చూడండి" అంది. కొత్త రబ్బరు వాసన, దాని మీద ఆసుపత్రి మందునీళ్ళ వాసన. ముక్కుకు ఆ రెండూ కలిసి తగిలేసరికి ముప్పై ఏళ్ళ కిందటి నవ్వొకటి వచ్చింది. పెదవులు బిగబట్టడం కూడా మరిచిపోయాను. ఆ అమ్మాయి కంగారు పడింది. "దీన్ని ఇంతకుముందు చూశారా?" అని అడిగింది. "చూడడమేమిటమ్మా, దీన్ని వెంటబెట్టుకుని కుప్పం దాకా మొక్కు తీర్చడానికి పోయాం" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. చెంగమ్మక్కను చూడనివాళ్ళకు అర్థం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. నా భర్త పట్టాళంలో చేరి ఎక్కడో దూరదేశంలో ఉన్నాడు. నేను పుంగనూరులో చెంగమ్మక్క బొరుగుల బట్టీలో పనికి చేరాను. అప్పటికి నాకు ఇరవై దాటాయి. బడి మొహం చూడలేదు. పడితో బొరుగులు కొలిచి బస్తాలో పోసేటప్పుడు పడికొక గీత చొప్పున గోడ మీద బొగ్గుతో గీసేదాన్ని. గోడ నిండిపోయింది. నాలుగు గీతలకు అడ్డంగా ఐదోది కొట్టడం కనిపెట్టాను. మళ్ళీ నిండిపోయింది. అప్పుడు, ప్రపంచంలో అంకెలు ఎందుకు పుట్టాయో నాకు తెలిసింది. బియ్యం మూట మీద, బస్సు మీద, క్యాలెండరు మీద కనిపించిన అంకెలన్నీ పట్టుకుని కూడికలూ తీసివేతలూ నాకు నేనే నేర్చుకున్నాను. అక్షరాలు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు పట్టుబడ్డాయి. చెంగమ్మక్కకు లెక్కలు రావు, సిగ్గూ రాదు. నాకు ఆ రెండూ అవసరానికి మించి ఉండేవి. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

బొరుగులు వేయించే పెద్ద బాండలిని మంగలం అంటారు. నడుమెత్తు పొయ్యి మీద మంగలం, అందులో కాలిన ఇసుక, కింద వేరుశనగ పొట్టు మంట. ఉప్పు పట్టించి ఎండబెట్టిన బియ్యం ఇసుకలో పడగానే పొడుగుపాటి గరిటెతో రెండు చేతులా తిప్పాలి. ఒక్క ఊపిరి ఆలస్యమైతే మాడుతాయి, ఒక్క ఊపిరి ముందైతే పేలవు. కూర్చుని చేసే పని కాదు. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, పాదాలు నేలకు పాతినట్టు నిలబడాలి. చెంగమ్మక్క నిలబడితే బట్టీకి ఇంకో స్తంభం ఉన్నట్టుండేది.

ఆ ఇంట్లో మామగారు పోతూ పోతూ ఒక కట్టుబాటు పెట్టిపోయాడు. మంగలం ముందు నిలబడేవాళ్ళదే బట్టీ. చెంగమ్మక్క భర్త మునెప్పకు పొగ పడదు. పొయ్యి వైపు చూస్తేనే ఉబ్బసం వచ్చేది. మంచివాడు, మెత్తనివాడు, పొట్లాలు కట్టడంలో అంతటివాడు లేడు. ఆయన బదులు ఆమె నిలబడింది. మరిది గురప్ప మామగారి చిన్నకొడుకు. వదిన ఎప్పుడు కూర్చుంటుందా అని ఆమె పెళ్ళైన నాటి నుంచి చూస్తున్నాడు.

ఐదో కాన్పు తర్వాత నెల తిరక్కుండానే ఆమె మంగలం ముందుకొచ్చింది. మూటలు మోసింది. కొన్నాళ్ళకు గరిటె తిప్పుతూ తిప్పుతూ ఆగి గుంజకు ఆనుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, బెల్లం ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అమ్మీ, నా గర్బం కిందికి జారతాండాది. పొద్దున బాగుంటాది, మాపటికి బయటికొచ్చి తొంగి సూస్తాది."

నాకు చెవులు కాలినట్టయింది. చుట్టూ చూశాను. "మెల్లగా అక్కా, ఎవరైనా వింటారు" అన్నాను.

"వింటే ఏమి? వాళ్ళకి లేదా, వాళ్ళమ్మలకి లేదా?"

మంత్రసాని వచ్చి చూసి, నెల దినాలు గోడకు కాళ్ళు ఎత్తిపెట్టుకుని పడుకోమంది. "నేను కాళ్ళు పైకి పెట్టుకోని పండుకుంటే మంగలం ఎవరు తిప్పుతారు, ఆ కాళ్ళా?" అని అడిగింది చెంగమ్మక్క. పాత చీర చింపి గోచీలా బిగించి కట్టుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. ఆ గోచీ మధ్యాహ్నం దాకా ఆగేది. ఆ తర్వాత ఆమె నడక చూస్తే మోకాళ్ళ మధ్య గుడ్డు పెట్టుకుని నడుస్తున్నట్టుండేది.

గురప్ప కళ్ళకు ఇది పడకుండా ఉండదు కదా. ఒక ఉదయం బట్టీకి కొత్త పీట ఒకటి తెచ్చాడు. పనసచెక్క పీట, అంచుకు ఇత్తడి పువ్వులు. దాన్ని పొట్లాలు కట్టే మూలలో వేసి, పైపంచెతో తుడిచాడు.

"వదినా, నీకోసరమే సేయించినా. ఇంగ నువ్వు రాణి మాదిరి కూసోని పొట్లాలు కట్టు. మంగలం నేను సూసుకుంటా."

"నేను రాణినైతే నువ్వెవరప్పా?"

"నేనెవరు, నీ సేవకుణ్ణి."

"సేవకుడైతే పొట్టు మూట తెచ్చి పొయ్యి కాడ ఏయి."

అలా అందిగాని, ఆ సాయంత్రం చాలాసేపు ఆ పీటనే చూస్తూ నిలబడింది. ఉగాది ముందు జాతర్ల బేరం మొదలవుతుంది. పుంగనూరు చుట్టుపక్కల ప్రతి ఊరికీ మా బొరుగులే పోవాలి. తెల్లవారుజామున ఎక్కితే పొద్దుగూకేదాకా మంగలం దిగే పని ఉండదు. ఆ బేరంలో ఆమె నిలబడలేకపోతే గురప్ప నిలబడతాడు. ఒకసారి నిలబడ్డాక అతను దిగడు. పొగ పడని భర్తా ఐదుగురు పిల్లలూ ఆ ఇత్తడి పువ్వుల పీట చుట్టూ కూర్చోవాల్సి వస్తుంది.

ఉన్నట్టుండి కుప్పం వైపు తిరిగి, తన పుట్టింటి వీధి చివర ఉన్న గంగమ్మను గట్టిగా పిలిచింది. పక్కింట్లో ఉన్న మనిషిని పిలిచినట్టే. "తల్లీ గంగమ్మా, ఈ ఏడాది జాతర్ల బేరానికి నన్ను మంగలం కాడ నిలబెట్టు. నీ గుడి చుట్టూ పదకొండు పొర్లుదండాలు పెడతా."

నాకు ప్రాణం ఉసూరుమంది. తడిబట్టలతో నేల మీద దొర్లుతూ గుడి చుట్టూ తిరగడం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే కష్టం. "అక్కా, మూడుతో మొదలుపెట్టి ఉండాల్సింది" అన్నాను.

"బేరమాడేదానికి ఆమె ఏమన్నా బియ్యం అంగడి శెట్టా?"

మొక్కు విన్నది గంగమ్మే అయితే, పంపించింది మాత్రం రూతమ్మను. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సు ఆమె. పుంగనూరులో అక్కగారిల్లు ఉంది. వచ్చినప్పుడల్లా మా దగ్గర బొరుగులు కొనేది. ఆ వారం నేను కొలుస్తుంటే ఆమె చూపు నా పడి మీద లేదు, చెంగమ్మక్క మోకాళ్ళ మీద ఉంది. డబ్బు చేతిలో పెట్టి, గొంతు తగ్గించకుండానే అడిగింది.

"ఏం చెంగమ్మా, ఎంతకాలంగా జారతాండాది?"

చెంగమ్మక్క గరిటె ఆగిపోయింది. ఒక మంగలం బొరుగులు మాడిపోయాయి. నేను ఆ బట్టీలో ఉన్నంత కాలంలో ఆమె చేతిలో మాడినవి అవే.

మదనపల్లెకు బొగ్గు బస్సులో పోయాం. యుద్ధంలో పెట్రోలు లేక బస్సు వెనక ఒక డ్రమ్ము కట్టి, అందులో బొగ్గు మండించి ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. చదును నేల మీద బాగానే పోయేది. ఎత్తు వస్తే నిట్టూర్చి ఆగేది. అప్పుడు అందరం దిగి నడవాలి. చెంగమ్మక్క నా భుజం పట్టుకుని, అడుగుకో తిట్టు చొప్పున బస్సునీ, ఎత్తునీ, యుద్ధం మొదలుపెట్టిన దొరలనీ తిడుతూ ఎక్కింది.

ఆసుపత్రిలో డాక్టరు సముద్రం అవతలి నుంచి వచ్చిన దొరసాని. తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకుంది. "అమ్మా, తమ బాధ ఏమిటో దయచేసి సెలవియ్యండి" అంది. వీధి వీధంతా వినేలా మాట్లాడే చెంగమ్మక్క ఆ మర్యాద ముందు బిగుసుకుపోయింది. దొరసాని మొహం చూసింది, నేల చూసింది, చివరికి "తలనొప్పి" అంది.

రూతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చెంగమ్మక్క నన్ను మోచేత్తో పొడిచింది. "నువ్వు సెప్పమ్మీ. నీ కాడ లెక్కలుండాయి గదా."

ఉన్న మాట నిజమే. నాకు తెలియకుండానే అన్నీ లెక్కపెట్టి ఉన్నాను. పూటకు ఎన్నిసార్లు గుంజకు ఆనుకుంటుందో, గోచీ ఎన్నిసార్లు బిగిస్తుందో, ఎన్ని మూటల తర్వాత నడక మారుతుందో, అన్నీ మనసులో ఉన్నాయి. పైకి చెప్పడమే రాదు. ఆడవాళ్ళ సంగతి నోటితో చెప్పడమంటే నాకు చచ్చేంత సిగ్గు. అయినా ఆ మోచేయి మళ్ళీ పొడిచింది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. పడి కొలిచినట్టు ఒక్కొక్కటే చెప్పాను. కళ్ళు తెరిచేసరికి దొరసాని తలూపుతూ వింటోంది, ఎవరూ చావలేదు, పైకప్పు కూలలేదు. "ఇంత స్పష్టముగా ఎవరును చెప్పలేదు" అంది ఆమె. బయటికి వచ్చాక చెంగమ్మక్క మాత్రం వేరేలా అంది. "ఇంత కాలం లోపల పెట్టుకోని ఏం సేస్తివే? పులియబెట్టుకుంటివా?" ఆ రోజు తర్వాత నేను ఏ లెక్కా లోపల పులియబెట్టుకోలేదు.

దొరసాని వేళ్ళతో కొలత చూసి, రబ్బరు రింగు ఒకటి ఎంచి, మందునీళ్ళలో కడిగి లోపల అమర్చింది. అదే గర్భసంచిని పైన ఆపి పడుతుందట. రోగాన్ని మాన్పదు, ఆపుతుంది, అంతే. దగ్గమంది, దగ్గింది. గొంతుకూర్చోమంది, కూర్చుంది. ఆ గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడవమంది, నడిచింది. "ఇంకేమైనా సందేహమా?" అని అడిగింది. చెంగమ్మక్క గోడకు ఆనించి ఉన్న చీపురు తీసుకుంది. గది మధ్యలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, చీపురును రెండు చేతులా పట్టుకుని, కనిపించని మంగలంలో కనిపించని బొరుగులు ఒక వాయి మొత్తం వేయించింది. చివర్లో జల్లెడ కూడా పట్టింది. దొరసాని కళ్ళజోడు సవరించుకుని చూసింది. రింగు కదల్లేదు.

మూడు నెలలకొకసారి వచ్చి తీయించి కడిగించుకుని మళ్ళీ పెట్టించుకోవాలనీ, బరువు మూటలు ఎత్తకూడదనీ, నొప్పి గానీ రక్తం గానీ కనిపిస్తే వెంటనే రావాలనీ చెప్పి పంపింది. తిరుగు దారిలో బస్సు మళ్ళీ ఎత్తులో ఆగింది. ఈసారి చెంగమ్మక్క అందరికంటే ముందు దిగి, అందరికంటే ముందు పైకెక్కి, అక్కడి నుంచి కేకేసింది. "ఓ డ్రైవరన్నా! నీ బండిగ్గూడా మదనపల్లెలో ఒక రబ్బరు రింగు ఏయించు, లేసి నిలబడతాది!" ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం నవ్వు ఆగక ఎత్తు సగంలో కూలబడ్డాను.

మర్నాడు మంగలం దగ్గర ఆమెను చూసి ఏం చేయాలో తోచక గురప్ప ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చాడు. ఆమె పీట తీసుకెళ్ళి అతని ముందు వేసింది. "నిలబడి నిలబడి నీ కాళ్ళు నొస్తాయి. కూసో నాయనా."

వీధిలో ఈ సంగతి తెలియడానికి ఒక పూట చాలింది, ఎందుకంటే చెప్పింది ఆమే. మా వీధికి ఒక పద్ధతి ఉండేది. పెద్ద అండా ఒకే ఇంట్లో, మురుకుల గొట్టం ఒకే ఇంట్లో, పెళ్ళిళ్ళకు పెట్టుకునే వడ్డాణం ఒకే ఇంట్లో. కావలసినవాళ్ళు అడిగి తీసుకుపోతారు, పని అయ్యాక కడిగి తెచ్చి ఇస్తారు. వారం తిరగకుండా గాజులమ్మే ఖైరున్బీ వచ్చి బట్టీ గడపలో కూర్చుంది. చాలాసేపు గాజుల బేరం మాట్లాడి, చివరికి అసలు సంగతి బయటపెట్టింది.

"చెంగమ్మక్కా, నీ రబ్బరుది ఒక రెండు దినాలు ఇస్తావా? మా అత్తమ్మకి నీ మాదిరే ఉండాది. పెట్టి చూసి, బాగా కడిగి తెచ్చిస్తా. నీ అండా ఎప్పుడన్నా సొట్టపెట్టి ఇచ్చినానా?"

చెంగమ్మక్క కాదనే మనిషి కాదు. "దానికేమి, తీస్కోని పో. శనివారం లోపల తెచ్చియ్యాల, బేరం ఉండాది" అంది, వెంటనే తీసి ఇచ్చేటట్టే లేచింది.

నేను అడ్డం పడ్డాను. "అక్కా! అది నీ కొలత. దొరసాని వేళ్ళు పెట్టి కొలిచింది. ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదు, రోగాలొస్తాయి."

"కొలతా?" అంది ఖైరున్బీ. అంతే, ఆమె మొహం మారిపోయింది. చేయి పట్టుకోకుండా గాజు తీయని మనిషి ఆమె. "అరె అల్లా! కొలత ఉండాదని ముందే చెప్పొద్దా? చెయ్యి చూడకుండా గాజు ఎక్కించే పని చేస్తాంటినే!" అని తన నెత్తిన తనే మొట్టుకుంది. మరుసటి వారం అత్తమ్మను బొగ్గు బస్సెక్కించి మదనపల్లె తీసుకుపోయింది. ఆ తర్వాత మూడు నెలలకొకసారి చెంగమ్మక్క పోయేటప్పుడు వీధిలో ఎవరో ఒకరు తోడు పోయేవాళ్ళు. ఎత్తు వచ్చి దిగినప్పుడు రింగులున్నవాళ్ళు ముందు, లేనివాళ్ళు వెనక.

ఇక మిగిలింది మొక్కు. జాతర్ల బేరం సోమవారం మొదలనగా, మొదలైతే మళ్ళీ తీరిక దొరకదని శుక్రవారమే కుప్పం పోదామంది. నేను ముందే చెప్పాను. "దొరసానమ్మను ఒక మాట అడుగుదాం అక్కా. దొర్లితే ఏమవుతుందో."

"అడిగితే వద్దంటాది. అడక్కపోతే వద్దనలేదు గదా."

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరాం. మునెప్ప కూడా వచ్చాడు. శనివారం పొద్దున్నే చెంగమ్మక్క తలమీద రెండు బిందెలు గుమ్మరించుకుని, తడి చీరతో గంగమ్మ గుడి ముందు సాగిలపడింది. చిన్న గుడి. ముందు చదును, వెనక మాత్రం నేల పల్లంగా ఉంటుంది. పొర్లేవాళ్ళు దారి తప్పకుండా పక్కన ఒకరు ఉండి భుజం నెట్టి సరిచేయాలి. ఆ పనీ, లెక్కపెట్టే పనీ నాకు అప్పగించింది.

ఒకటి. రెండు. మూడు. పైకే చెప్పాను, గంగమ్మకు కూడా వినపడేటట్టు. చెంగమ్మక్క దుమ్ము కొట్టుకుపోయి, జుట్టు ముడి ఊడిపోయి, అయినా చక్కగా దొర్లుతోంది. నాలుగోది మొదలయ్యేసరికి మునెప్పకు మనసాగలేదు. పెళ్ళాం ఒక్కతే దుమ్ములో పడి దొర్లుతుంటే చూడలేక, తను కూడా కండువా నడుముకు చుట్టుకుని ఆమె వెనకే పడుకుని దొర్లడం మొదలుపెట్టాడు. ఆయనకు పక్కన నెట్టేవాళ్ళు లేరు. గుడి వెనక్కి రాగానే ఆమె మలుపు తిరిగింది. ఆయన తిరగలేదు. పల్లంలోకి పడి వేగం అందుకుని, అక్కడ ఎవరో మొక్కుబడికి కట్టేసిన పొట్టేలు కిందుగా పోయి, దాని తాడులో చుట్టుకుని, అంబలి కుండల వరుస ముందు ఆగాడు. పొట్టేలు ఆయన మీద నిలబడి అరుస్తోంది. ఆయనకు కళ్ళు తిరిగి దిక్కు తెలియలేదు. పడుకునే కేకేశాడు.

"చెంగమ్మా! నీకంటే ముందుండానా, ఎనకుండానా?"

ఆమె తలెత్తి చూసింది. చూడకుండా ఉంటే పదకొండూ అయ్యేవేమో. నవ్వింది. మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకుని, నేల కొట్టుకుని, కళ్ళనీళ్ళు దుమ్ములో కలిసిపోయేలా నవ్వింది. ఉన్నట్టుండి ఆ నవ్వు మధ్యలోనే నా మణికట్టు పట్టుకుంది.

"అమ్మీ, లెక్క ఆపు. వచ్చేసింది."

"మూడున్నర" అన్నాను.

చుట్టూ నేనూ నలుగురు ఆడవాళ్ళూ చీరలు అడ్డం పట్టాం. రింగును కొంగున ముడేసుకుని, గోచీ బిగించుకుని ఆమె మెల్లగా లేచింది. ముసలి పూజారి వచ్చి, "సగంలో ఆపకూడదమ్మా, తల్లికి కోపమొస్తాది, దొర్లు" అన్నాడు.

ఆమె దొర్లలేదు. నవ్వు పూర్తిగా పోయింది మొహంలో. సోమవారం పొద్దుకు మంగలం దగ్గర లేకపోతే అక్కడ గురప్ప ఉంటాడు. ఆ సంగతి నాకూ తెలుసు, పొట్టేలు తాడు విప్పుకుంటున్న మునెప్పకూ తెలుసు. చెంగమ్మక్క గుడి గడపలో నిలబడి లోపలికి చూసి మాట్లాడింది.

"తల్లీ, నిలబెట్టమని మొక్కితి. నిలబెట్టినావు. ఇంకా దొర్లితే పడిపోతా. నువ్వు ఈడే ఉంటావు, యాడికీ పోవు. మా మరిది కూడా బట్టీ కాడ్నే ఉంటాడు, యాడికీ పోడు. ముందు వాని సంగతి సూసుకోని వస్తా. కోపమొస్తే నాకు సెప్పు, ఈ పూజారప్పకి సెప్పొద్దు."

పూజారి పక్కకు జరిగి దారిచ్చాడు.

ఆ మధ్యాహ్నం బయల్దేరి, బస్సులు మారి, ఆదివారం సాయంత్రానికి మదనపల్లె చేరాం. దారిలో ఎన్ని ఎత్తుల్లో దిగామో చెప్పను. దొరసాని చర్చి నుంచి అప్పుడే వచ్చిందట. "ఎట్లు ఊడినది?" అని అడిగింది. చెంగమ్మక్క రూతమ్మ వైపు, నా వైపు చూసి, "దొర్లినాను" అంది.

"మంచము మీదినుండియా?"

"కాదమ్మా, గుడి సుట్టూ."

రూతమ్మ దొరసానికి వివరించింది. వివరిస్తూ మధ్యలో ఆపి, "మా దేవుడు మోకాళ్ళతో సరిపెట్టుకుంటాడు చెంగమ్మా, మీ తల్లి గట్టిది" అంది. దొరసాని నవ్వలేదు. మొదటిది కొంచెం చిన్నదని తేల్చి, ఒక సైజు పెద్దది అమర్చింది. అమర్చాక వేలు చూపించి చెప్పింది. "ఈ రింగు ఉన్నంత కాలము దొర్లరాదు."

"తీసేసి దొర్లొచ్చా?"

"తీసిన, మీరు నిలువలేరు."

చెంగమ్మక్క నా వైపు తిరిగింది. "అమ్మీ, దీన్ని లెక్క కట్టు."

కట్టాను. రింగు ఉంటే దొర్లకూడదు. రింగు లేకుంటే లేవలేదు. కాబట్టి ఆమె నిలబడి ఉన్నన్నాళ్ళూ ఆ మొక్కు తీరదు. భయపడుతూ భయపడుతూ చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, బాగా సంతోషపడింది. "అట్లయితే నేను బాకీ ఉన్నన్ని దినాలూ ఆమె నన్ను నిలబెట్టే ఉంచాల. పడిపోతే ఆమెకే నష్టం."

ఆ రాత్రే బయల్దేరి, సోమవారం తెల్లవారకముందే పుంగనూరు చేరాం. బట్టీలో అప్పటికే పొయ్యి వెలుగుతోంది. గురప్ప ఒక కూలి మనిషిని వెంటబెట్టుకుని, మంగలం ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, వదిన నిలబడినట్టే నిలబడి ఉన్నాడు. గరిటె మాత్రం ఇంకా చేతికి తీసుకోలేదు. ఆమె తలకు గుడ్డ చుట్టుకుంటూ లోపలికి నడిచింది.

"మొక్కు అయిపోయిందా వదినా?" అన్నాడు గురప్ప.

"ల్యా నాయనా, ఇంగా శానా ఉండాది. పక్కకి జరుగు."

ఆ ఏడాది ఆమె దిగలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు దిగలేదు. మునెప్ప పొట్లాలు ఆ ఇత్తడి పువ్వుల పీట మీదే కూర్చుని కట్టేవాడు. మా ఇద్దరికీ మాత్రం ఒక తగువు మిగిలిపోయింది. పూర్తికాని చుట్టు చుట్టు కాదని నేను, కాబట్టి బాకీ ఎనిమిదని. ఆమె ఒప్పుకునేది కాదు. "ఆ సగం నా ఈపు దొర్లిందా, నీ ఈపు దొర్లిందా? గీసుకుపోయింది నాకు. ఏడున్నరే." నేను గోడ మీద ఎనిమిది గీతలు గీస్తే ఆమె తడిగుడ్డతో ఒకదాన్ని సగానికి తుడిచేసేది.

చివరి రోజుల్లో మంచం పట్టినప్పుడు చూడడానికి పోయాను. మాట సన్నగిల్లింది, పెత్తనం సన్నగిల్లలేదు. దగ్గరికి రమ్మని, "అమ్మీ, గంగమ్మ బాకీ నీ మింద ఏస్తాండా. పిల్లలకి లెక్క తెలీదు. నువ్వయితే మరిచిపోవు" అంది.

"ఎన్ని అక్కా?" అన్నాను, కావాలనే.

కళ్ళు తెరిచి నా వైపు చూసింది. నవ్వితే దగ్గు వస్తుందని పక్కనున్నవాళ్ళు వారించారు. నవ్వింది.

ఆమె పోయాక నాతో తగువు పడేవాళ్ళు లేరు. ఎనిమిదని వేసుకున్నా అడిగేవాళ్ళు లేరు. అయినా నేను లెక్క దిద్దుకున్నాను. ఎక్కడ ఏ ఆడమనిషి గొంతు తగ్గించి నాతో "నాకూ కింద…" అని మొదలుపెట్టినా, గట్టిగా చెప్పమ్మా అంటాను, నాకు జరిగింది చెప్తాను, మదనపల్లెకు తోడు పోతాను. అది వేరే ఖాతా. కుప్పం గంగమ్మకు చెంగమ్మక్క తరఫున నేను ఈనాటికి బాకీ పడి ఉన్న పొర్లుదండాలు ఏడున్నర.